మా వాళ్ళలో లేని ఆచారం

మదనపల్లె,
14 జూన్ 1994

అత్తా,

ఉత్తరంలో కుశల ప్రశ్నలు వేయడం నాకు చేతకాదని నువ్వు ఎప్పుడూ అంటావు కాబట్టి ఈసారి కూడా వేయడం లేదు. నేను బాగానే ఉన్నాను, కాకపోతే ఎండకు మాడిపోయాను. పీహెచ్‌డీ అంటే లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చోవడం అనుకుని చేరాను. మా గైడు గారు నన్ను సోమల, పెద్దమండ్యం పల్లెల మీదికి తోలారు.

సంగతి ఇది. మన పక్క రైతు కుటుంబాల్లో మొగుడికీ పెళ్ళానికీ పొసగకపోతే, కోర్టు గడప తొక్కకుండా కులపెద్దల ముందే విడిపోయి, మళ్ళీ మనువాడే ఆచారం ఉందా, లేదా? ఉందని రుజువు చేయగలిగితే అలాంటి విడాకులను చట్టం కూడా ఒప్పుకుంటుంది. అందుకే కట్టుకున్నదాన్ని వదిలేసి ఇంకొకతెను తెచ్చుకున్న ప్రతి మగవాడూ కోర్టులో నిలబడి "మా వాళ్ళలో ఆచారం ఉంది" అంటున్నాడు. అది ఉత్త కట్టుకథ అని నేను తేల్చగలిగితే ఆ మొదటి భార్యలకు మేలు చేసినదాన్ని అవుతాను. నా థీసిస్ అంతా దాని మీదే నిలబడి ఉంది.

పల్లెల్లో మర్యాదకు మాత్రం లోటు లేదు. ఊరి పెద్ద వసారాలో ఇనుప కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, నేను నోట్‌బుక్కు తెరవగానే అందరూ సర్దుకుని కూర్చుంటారు. సోమల దగ్గర గంగులయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ చుట్టుపక్కల ఏ తగువు వచ్చినా తీర్పు ఆయనదే. నేను ప్రశ్న పూర్తి చేయకముందే, "మావోళ్ళల్లో అట్లాంటియి లేవుమ్మా. మాయి పరువుగల కొంపలు" అన్నాడు. వసారాలో ఉన్న మగవాళ్ళంతా తలలూపారు. ఆడవాళ్ళను కూడా అడుగుతానంటే, తెర వెనకే ఉన్నారు, ఈడ్నుంచే అడగమన్నారు. తెర కింద నాకు పాదాలు మాత్రమే కనిపించాయి. పసుపు రాసుకున్న పాదాలు, కొన్నిటికి మెట్టెలు ఉన్నాయి, కొన్నిటికి లేవు. నేను అడిగినప్పుడు వాటిలో ఒక్కటీ కదల్లేదు. లేదనే రాసుకున్నాను.

ఒక్క ఆడమనిషి మాట కూడా లేకుండా స్త్రీల హక్కుల మీద థీసిస్ ఏమిటని గైడు గారు కోప్పడ్డారు. అందుకని నిన్ను పట్టుకున్నాను. నువ్వు ఆడదానివి, మన వాళ్ళదానివి, పైగా ఉత్తరం రాయడం వచ్చినదానివి. మన వాళ్ళలో పెద్దల ముందు మొగుణ్ణి వదిలి మళ్ళీ పెళ్ళాడిన ఆడవాళ్ళను నువ్వు చూశావా, విన్నావా? నీ పేరు ఎక్కడా రాదు. "పుంగనూరు గృహిణి" అని మాత్రమే రాస్తాను.

మామకు నమస్కారాలు. వెంకటరమణ బావ సిమెంటు కొట్టు ముందు నుంచే రోజూ బస్సెక్కుతున్నాను. పలకరిస్తే మూటల లెక్కలో ఉన్నానంటాడు.

నీ మేనకోడలు,
నీలిమ

———

పుంగనూరు,
25 జూన్ 1994

చదువుకునే నీలిమకు, వంట చేసుకునే అత్త రాసేది.

నీ ఉత్తరంలో నా ఆరోగ్యం గురించి ఒక ముక్క కూడా లేదు గాని మన కులం ఆరోగ్యం గురించి చాలా ఉంది. రెండూ బాగానే ఉన్నాయి.

నువ్వు అడిగినదానికి జవాబు. లేదు. మన ఇళ్ళలో అలాంటివి లేవు. నేను చూడలేదు, మా అమ్మ చెప్పగా వినలేదు. ఇలాగే రాసుకో.

మీ మామ సంగతి నీకు తెలుసు కదా. హెడ్మాస్టరుగా రిటైరై ఇన్నేళ్ళయినా ఎర్ర పెన్ను వదల్లేదు. నేను ఎవరికి ఉత్తరం రాసినా దిద్దిగాని పోస్టులో వేయడు. ఈ ఉత్తరం కూడా అడిగి తీసుకున్నాడు. చదివాడు. ఒక్క తప్పు కూడా దిద్దకుండా మడిచి నా చేతికి ఇచ్చి, ఆవుకు నీళ్ళు పెట్టాలని పెరట్లోకి పోయాడు. ఇన్నాళ్ళకు నా తెలుగు బాగుపడినట్టుంది.

చింతకాయ తొక్కు పెట్టాను. బస్సులో పంపితే కండక్టరు తినేస్తాడు. నువ్వే వచ్చి తీసుకుపో.

శారదమ్మ

———

మదనపల్లె,
2 సెప్టెంబరు 1996

అత్తా,

నువ్వు అచ్చులో పడ్డావు. నా వ్యాసం పెద్ద పత్రికలో వచ్చింది. బెంగళూరు సెమినార్‌లో అదే చదివాను. "పుంగనూరు గృహిణి" మాటలు చదివినప్పుడు వెనక వరుసల వాళ్ళు కూడా రాసుకున్నారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకావిడ, ఆ గృహిణి గొంతులో ఎంత స్పష్టత ఉందో అని మెచ్చుకుంది. మా మేనత్తేనని చెప్పడానికి నాలుక దురద పెట్టింది గాని మాట ఇచ్చాను కదా, ఊరుకున్నాను.

ఒక కాపీ పంపుతున్నాను. ఇంగ్లీషు కాబట్టి మామను చదివి చెప్పమను.

నీలిమ

———

పుంగనూరు,
20 సెప్టెంబరు 1996

నీలిమా,

మీ మామ డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివాడు. ఇంగ్లీషు చాలా బాగుంది అన్నాడు. ఇంకేమీ అనలేదు. తర్వాత నాతో రోజూ కంటే ఎక్కువ మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఢిల్లీలో నాకు వచ్చిన పేరు చూసి కాబోలు.

నాకొక సందేహం. మన వాళ్ళలో కాదులే, వేరే ఎక్కడో అనుకో. ఒక ఆడది మొదటి మొగుడి దగ్గర బతకలేక పెద్దల ముందు తెంచుకుని బయటపడింది. తర్వాత ఒక మంచివాణ్ణి మనువాడి, అతనితో ముప్పై నలభై ఏళ్ళు కాపురం చేసింది. నీ వ్యాసం ప్రకారం ఆమె ఎవరు?

పనిలేక అడుగుతున్నాను. తీరికగా రాయి.

శారదమ్మ

———

మదనపల్లె,
1 అక్టోబరు 1996

అత్తా,

నీకు లా కాలేజీలో సీటు ఇప్పించాలి. మా ఫైనలియరు వాళ్ళు కూడా ఇంత మంచి ప్రశ్న వేయరు.

జవాబు తేలికే. ఆచారం లేదు కాబట్టి ఆ విడాకులు చెల్లవు. మొదటి భర్త బతికి ఉంటే రెండో పెళ్ళి కూడా చెల్లదు. చట్టం దృష్టిలో ఆమె భార్య కాదు. జాలిపడవలసిన విషయమే గాని, ఒక్కొక్కరి కోసం సూత్రాన్ని వంచితే మొదటికే మోసం. అలాంటి ఆడవాళ్ళు కూడా ఆ మగవాళ్ళ కట్టుకథకు బలైనవాళ్ళేనని వ్యాసం చివర్లో రాశాను. మామను అడుగు, ఆ పేరా చూపిస్తాడు.

నీలిమ

———

పుంగనూరు,
3 మార్చి 2002

నీలిమా,

కుప్పంలో నీ ఉద్యోగం బాగున్నదని విన్నాను. ఫోను చేయవచ్చు గాని, మా వీధి ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే దండోరా వేయించినట్టే. అందుకని రాస్తున్నాను. దిద్దేవాళ్ళు లేరు, తప్పులుంటే సర్దుకో.

మీ మామ సంవత్సరీకం ఇంకా కాలేదు. మీ బావ నా మీద మదనపల్లె కోర్టులో దావా వేశాడు. కొట్టు పెద్దది చేయడానికి ఈ ఇల్లు అమ్ముతానన్నాడు. నేను బతికినంత కాలం వద్దన్నాను. అంతే జరిగింది. కాగితంలో ఏమి రాశాడో భారతి అనే వకీలమ్మ చదివి చెప్పింది. శారదమ్మ అనే ఈమె నా తండ్రికి భార్య కాదు, ఆయన ఇంట్లో ఉంచుకున్న మనిషి, కాబట్టి ఇంట్లో భాగం లేదు, ఖాళీ చేయించాలి. ఇదీ సారాంశం. ఉంచుకున్న మనిషి అనే మాట వకీలుదే అయి ఉంటుంది. సంతకం మాత్రం వాడిది. వాడి చేత అక్షరాలు దిద్దించింది నేనే కాబట్టి గుర్తుపట్టాను.

ఇక నీకు చెప్పవలసింది చెబుతాను. నీ పుంగనూరు గృహిణి అబద్ధం చెప్పింది.

నాకు మొదట బైరెడ్డిపల్లె మునెప్పతో పెళ్ళయింది. అప్పటికి నువ్వు పుట్టలేదు. అతను తాగి కొట్టేవాడు. తాగనప్పుడు కూడా కొట్టేవాడు, అది ఇంకా బాధగా ఉండేది. మా నాయన పెద్దలను పిలిచాడు. ఒక తమలపాకు మధ్యకు చింపి మా ఇద్దరి చేతుల్లో చెరి సగం పెట్టారు. నేను మెట్టెలు తీసి అతని ముందు పెట్టి లేచి వచ్చేశాను. ఆకు చింపిన పెద్దమనిషి ఎవరనుకున్నావు? సోమల గంగులయ్య. నీకు కుర్చీ వేసిన మహానుభావుడే. అప్పుడు మీసాలు నల్లగా ఉండేవి.

మరుసటేడు మీ మామ అడిగాడు. భార్య పోయి, చంటివాడైన మీ బావతో ఉన్నాడు. మారుమనువుకు మేళం ఉండదు, కొత్త చీర పెట్టి ఇంట్లోకి పిలుచుకుంటారు. మెట్టెలు ఒకసారి తీసి ఇచ్చేశాక మళ్ళీ పెట్టుకోకూడదని ఆచారం. చిన్నప్పుడు నువ్వొకసారి నా కాళ్ళు చూసి, అత్తకు మెట్టెలు లేవేమని మీ నాన్నను అడిగావు. వేళ్ళు వాస్తాయని చెప్పాడు. నీకెవ్వరూ చెప్పకూడదని మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడు. పరువుగల కొంప కదా మాది.

నువ్వు అడిగిన రోజు చెప్పేద్దామనే కూర్చున్నాను. కాని కట్టుకథ అని తేల్చాలని నువ్వు అంత ఉత్సాహపడుతుంటే, ఆ కట్టుకథను నేనేనని రాయడానికి చెయ్యి ఆడలేదు. నువ్వు నన్ను తక్కువగా చూస్తావని భయపడ్డాను. రెండోసారి, ఎక్కడో ఒక ఆడది అని అడిగాను. భార్య కాదు అని రాశావు. ఆ ఉత్తరం మీ మామకు చూపించలేదు.

ఇప్పుడు మీ బావ వకీలు కోర్టులో పెట్టిన పెద్ద సాక్ష్యం నీ వ్యాసం. అందులో మరీ గట్టి సాక్షి పుంగనూరు గృహిణి. ఇంత చక్కగా ఎవరు చెప్పారో అని జడ్జిగారు కూడా మెచ్చుకుంటారేమో.

శారదమ్మ

———

కుప్పం,
12 మార్చి 2002

అత్తా,

నీ ఉత్తరం క్లాసుకు వెళ్ళే ముందు చదివాను. క్లాసుకు వెళ్ళలేదు. ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. నువ్వు దెబ్బలు తిన్నావని ఏడ్చానో, నాకు చెప్పలేదని ఏడ్చానో, "భార్య కాదు" అని నా చేత్తోనే రాసి పంపానని ఏడ్చానో తెలియదు. మెట్టెల గురించి అడిగిన సంగతి నాకు గుర్తుంది. వేళ్ళు వాస్తాయంటే నమ్మాను. పెద్దయ్యాక కూడా నమ్ముతూనే ఉన్నాను చూడు.

ఇక చేయవలసిన పని గురించి. భారతి నా స్టూడెంటే, తెలివైన పిల్ల. దీర్ఘకాలం భార్యాభర్తలుగా కాపురం చేసినవారిని దంపతులుగానే భావించాలన్న వాదన ఒకటి ఉంది, దాని మీద నోట్స్ పంపుతాను. మొదటి భర్త జీవించి ఉండగానే ఈ పెళ్ళి జరగడం వల్ల అది ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేను. నేను స్వయంగా ఇందులోకి దిగడం మంచిది కాదేమో. నా థీసిస్ పుస్తకంగా అచ్చులో ఉంది, నాలుగో అధ్యాయం ఆ వ్యాసమే. రీడరు పోస్టుకు ఇంటర్వ్యూ కూడా ఉంది. ఈ దశలో నేనే నా నిర్ధారణలను కాదంటే పరిశోధనా పద్ధతి మీదే అనుమానాలు వస్తాయి. సమీప బంధువును కాబట్టి నా మాటకు విలువ కూడా తక్కువే. నువ్వు అపార్థం చేసుకోవని ఆశిస్తున్నాను.

నీలిమ

———

పుంగనూరు,
30 మార్చి 2002

నీలిమా,

నీ ఉత్తరం రెండు ముక్కలుగా ఉంది. మొదటి ముక్క నా మేనకోడలు రాసింది, రెండోది లెక్చరరు గారు రాశారు. మొదటిదాన్ని దిండు కింద పెట్టుకున్నాను. రెండోదాన్ని భారతికి ఇచ్చాను, పనికొస్తుందేమో చూస్తానంది.

నువ్వు రావద్దులే. నీ పుస్తకం అచ్చు కానీ. పాతికేళ్ళు చదివి సంపాదించుకున్న ఉద్యోగం, అత్త కోసం పోగొట్టుకోమని నేను అనను. అనను గాని, అనుకోను అని మాత్రం చెప్పలేను.

నా ఏర్పాట్లు నేను చేసుకుంటున్నాను. మొన్న సోమల పోయి గంగులయ్య వసారాలో కూర్చున్నాను. ఇనుప కుర్చీ ఇంకా ఉంది, తుప్పు పట్టింది. కోర్టుకొచ్చి ఉన్నది చెప్పమన్నాను. ముసలాయన చెవుడు నటించాడు. తెర వెనక నుంచి ఆయన కూతురు బయటికొచ్చింది. పాదాలకు పసుపు ఉంది, మెట్టెలు లేవు. ఆమెదీ మారుమనువే. "శారదమ్మది చెల్లకపోతే నాది మాత్రం యాడ చెల్లుతాది నాయినా?" అని అడిగింది. ఆయనకు వెంటనే చెవులు వినిపించాయి.

తర్వాత బైరెడ్డిపల్లెకు కబురు పంపాను. మునెప్ప బతికే ఉన్నాడు. నేను వచ్చేశాక అతనూ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు కొడుకులు. నాతో తెగినది చెల్లకపోతే అతని రెండో పెళ్ళి కూడా చెల్లదు, తాత తండ్రుల నాటి భూమిలో ఆ కొడుకులకు వాటా రాదు, పాలివాళ్ళు కాచుకుని ఉన్నారు. భారతి చెప్పినదాన్నే అతనికి అర్థమయ్యేలా చెప్పి పంపాను. నా కోసం రమ్మంటే చస్తే రాడు. ఇప్పుడు తేదీ ఎప్పుడని వారానికోసారి మనిషిని పంపుతున్నాడు.

శారదమ్మ

———

కుప్పం,
19 ఆగస్టు 2004

అత్తా,

నిన్న కోర్టు వరండాలో నువ్వు కూర్చుని ఉండటం చూశాను. సాక్షులు ఒకరు చెప్పేది ఒకరు వినకూడదు కాబట్టి నిన్ను బయటే ఉంచారు. నా పని అయ్యాక వెనక గుమ్మం గుండా బయటపడి కుప్పం బస్సెక్కేశాను. నీ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. అందుకని లోపల ఏమి జరిగిందో రాస్తున్నాను.

నన్ను పిలిపించింది బావ వకీలు. సమన్లు వస్తే తప్ప కదలనిదాన్ని కాబట్టి సమన్లతోనే వచ్చాను. ఈ రెండేళ్ళలో నీకు వ్యాసాలూ నోట్సులూ పంపాను గాని వస్తానని ఒక్కసారీ రాయలేదు. అది నువ్వు గమనించలేదని అనుకోవడం లేదు.

ఆయన నా వ్యాసం చేతికిచ్చి ఇది మీదేనా అన్నాడు. నాదే అన్నాను. ఇందులో ఉన్నది నిజమేనా అన్నాడు. బస్సులో వస్తూ చాలా పెద్ద జవాబు తయారు చేసుకున్నాను, పరిశోధనా పరిమితులు, నమూనా ఎంపిక అని. అది నోట్లోంచి రాలేదు. వాళ్ళు చెప్పింది నిజంగానే రాశాను, వాళ్ళు చెప్పింది నిజం కాదు అన్నాను.

ఎలా తెలుసు అని అడిగాడు. నేను కళ్ళతో చూసినదాన్నే తప్పుగా రాసుకున్నానని చెప్పాను. తెర కింద మెట్టెలు లేని పాదాలు చూసి, పాపం విధవలు అనుకున్నాను. ఆ పాదాలకు పసుపు ఉంది. విధవలు పసుపు రాసుకోరని మన ఇళ్ళలో చిన్నపిల్లకు కూడా తెలుసు. నా నోట్‌బుక్కులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, పసుపు అనీ, మెట్టెలు లేవనీ. మగవాళ్ళ మాట వినడంలో పడి వాటి అర్థం వెతకలేదు. ఇదంతా చెబుతుంటే జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి విన్నారు.

అప్పుడా వకీలు, పుంగనూరు గృహిణి కూడా అబద్ధమే చెప్పిందా, ఆమె ఎవరు అని గద్దించాడు. పేరు చెప్పనని మాట ఇచ్చాను, చెప్పను అన్నాను. జడ్జిగారు అడిగినా అదే అన్నాను. ఆమె చెప్పింది కూడా నమ్మవద్దని మాత్రం చెప్పాను. తాను పిలిపించిన సాక్షి తనకే ఎదురు తిరిగిందని ఆయన కోర్టుకు విన్నవించుకున్నాడు. ఆయన మీద నాకు జాలి వేసింది.

పుస్తకం ఆపించాను. నాలుగో అధ్యాయం మళ్ళీ రాయాలంటే మూడోది కూడా నిలబడదు. రీడరు పోస్టు మా డిపార్ట్‌మెంట్‌లోనే వేరే ఆయనకు వచ్చింది. ఆయన వివాహ వ్యవస్థ పవిత్రత మీద పని చేస్తున్నాడు.

అత్తా, నేను ఆలస్యంగా వచ్చాను. కోపం ఉంటే తిట్టు.

నీలిమ

———

పుంగనూరు,
27 ఆగస్టు 2004

నీలిమా,

తిట్టేదేముంది. వెనక గుమ్మం గుండా పోయావు చూడు, దానికి తిడతాను. నీ కోసం అన్నం మూట కట్టుకొచ్చాను. చివరికి మునెప్ప తిన్నాడు.

నువ్వు పోయాక నాటకం రక్తి కట్టిందని భారతి చెప్పింది. మునెప్ప తెల్ల పంచ కట్టుకుని వచ్చాడు. ఆకు చింపింది నిజమేనని ప్రమాణం చేశాడు. ఇన్నేళ్ళకు ఈమె మీద ఇంత అభిమానం ఎందుకని వకీలు ఎత్తిపొడిచాడట. "ఆయమ్మ కోసరం నేను యాల వస్తాను సామీ? నా కొడుకుల భూమి కోసరం వచ్చినా" అన్నాడట. కోర్టంతా నవ్విందట. ఆ ఒక్క మాటతో అతను నిజం చెబుతున్నాడని అందరికీ నమ్మకం కుదిరిందని భారతి అంటుంది.

గంగులయ్య కూడా వచ్చాడు. పదేళ్ళ కిందట ఈ చదువుకున్నామెతో ఆచారం లేదన్నావు కదా అని అడిగారు. "ఆయమ్మ నోటుబుక్కు పట్టుకోనొచ్చి ఊరి ముందర అడిగితే ఇంటి గుట్టు ఎవురు చెప్తారు? ఈడ ప్రమాణం చేయించినారు, చెప్తాండాను" అన్నాడట.

చివర నన్ను పిలిచారు. నువ్వు దాచిన పేరును నేనే చెప్పేశాను. పుంగనూరు గృహిణిని నేనే సామీ, అప్పుడు పరువు కోసం అబద్ధం చెప్పాను అన్నాను. వకీలుకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు పరువు కోసం చెప్పినదానివి, ఇప్పుడు ఇంటి కోసం చెప్పవా అన్నాడు. నేను చెప్పులు విడిచి పాదాలు చూపించాను. అరవై ఏళ్ళు దాటిన ఆడది కోర్టులో కాళ్ళు చూపించవలసి వచ్చింది. పసుపు మీ మామ పోయినప్పుడే పోయింది. మెట్టెల మచ్చ మాత్రం నా పదహారో ఏటి నుంచీ అలాగే ఉంది. "ఈ మెట్టెలు తీసినాకనే ఆయన ఇంటికి పోయినా. తీసింది అబద్ధమైతే ఇన్నేండ్లు ఉత్త కాళ్ళతో యాల తిరుగుతాను?" అన్నాను.

మీ బావ మొదటి వరుసలో కూర్చుని ఉన్నాడు. నా కాళ్ళ వంక చూడలేదు. చిన్నప్పుడు వాడికి నిద్ర పట్టాలంటే నా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఊపాల్సి వచ్చేది.

శారదమ్మ

———

పుంగనూరు,
9 ఆగస్టు 2005

నీలిమా,

తీర్పు సంగతి భారతి నీకు ఫోను చేసి చెప్పిందట. ఆచారం ఉందని కోర్టు ఒప్పుకుంది. నేను మీ మామ భార్యనే. ఇల్లు నాకూ మీ బావకూ చెరి సగం. ఆయనతో అంత కాలం కాపురం చేసినప్పుడు ఈ సంగతి ఎవరూ రాసి ఇవ్వలేదు. ఆయన లేకుండా పోయాక రాసిచ్చారు. ఆ కాగితం ఎర్ర పెన్ను పక్కన పెట్టాను.

గంగులయ్య వసారాలో ఇప్పుడు ఆచారం లేదన్నవాడు లేడట. మా ఇంట్లో జరిగిందంటే మా ఇంట్లో జరిగిందని పోటీలు పడుతున్నారట. కోర్టే ఒప్పుకున్నాక అది పరువైపోయింది. నీ పుస్తకానికి మళ్ళీ తిరిగితే ఈసారి తలుపులు బార్లా తెరుస్తారు. కాస్త ఎక్కువే చెబుతారు, జాగ్రత్త.

తీర్పు వచ్చిన నెలకు మీ బావ కొట్టు నుంచి సిమెంటు మూటలు వచ్చాయి. ఇంటి నడిమధ్య గోడ కట్టిస్తాడట. వంటిల్లు నా వైపు, దేవుడి గూడు వాడి వైపు. మూటలు వసారాలో వేసి పోయారు. మేస్త్రీ ఎవరూ రాలేదు. వానలు పడి జల్లు కొట్టింది. నేను వాటి మీద టార్పాలిన్ పట్టా కప్పలేదు. మూటలన్నీ రాళ్ళలా గట్టిపడ్డాయి.

మొన్న మీ మామ తద్దినం. కబురు చేయలేదు. వాడే వచ్చాడు. వసారాలో ఆ మూటల మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. నేనూ రమ్మనలేదు. వండినవన్నీ విస్తట్లో వేసి తీసుకుపోయి వాడి ముందు పెట్టాను. తలెత్తకుండా తిన్నాడు. మజ్జిగ పోసినప్పుడు మాత్రం, ఎప్పటిలాగే, "సాలుమా" అన్నాడు. తిని చెయ్యి కడుక్కుని బస్సుకు పోయాడు. గడ్డకట్టిన మూటలు చూశాడు గాని వాటి గురించి ఏమీ అనలేదు.

వాడు పోయాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. వాడి మీద నాకు ఇంకా కోపమే. ఉంచుకున్న మనిషి అన్న మాట నా చెవిలోంచి పోలేదు, పోదు కూడా. అయినా వాడు విస్తట్లో పప్పు ఎంత మిగిల్చాడో చూసుకున్నాను. కడుపు నిండిందా లేదా అని.

మొగుడికీ పెళ్ళానికీ ఆకు చింపే ఆచారం ఉందని కోర్టులో రుజువైంది. నువ్వు ఇంత చదివావు, ఊళ్ళన్నీ తిరిగావు. తల్లికీ కొడుక్కీ ఆకు చింపే ఆచారం మన వాళ్ళలో ఎక్కడైనా ఉన్నదా? ఈసారి వేరే ఎక్కడో ఒక ఆడది అని అడగడం లేదు. నా కోసమే అడుగుతున్నాను. నిజం రాయి.

శారదమ్మ

———

కుప్పం,
16 ఆగస్టు 2005

అత్తా,

నీ ఆరోగ్యం ఎలా ఉంది? మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

నువ్వు అడిగిన ఆచారం లేదు. ఈసారి ఏ ఊరూ తిరగలేదు, ఎవరినీ అడగలేదు. నీ ఉత్తరం చదివి రాస్తున్నాను.

ఆదివారం వస్తున్నాను, ముందు గుమ్మం గుండానే. ఆ మూటల మీద కూర్చుని నాకూ అన్నం పెట్టు.

నీలిమ